గోడలో దాగిన టెలిఫోన్ తీగ: పాత భవనాల చరిత్రకు ఒక ఆధారం

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు చరిత్ర రచనకు ఆధారాలని మీరు ఇంతకుముందే చదివారు. ఆధునిక చరిత్రకు వచ్చేసరికి ఈ జాబితా ఇంకా పెరుగుతుంది. వార్తాపత్రికలు, ఫొటోలు, మ్యాపులు, జనాభా లెక్కలు, చివరికి రైలు టికెట్టు కూడా ఆధారమే. ఆ జాబితాలో మామూలుగా ఎవరూ చేర్చని ఒక వస్తువును ఇప్పుడు పరిశీలిద్దాం. అది పాత కార్యాలయాలలో, ఆసుపత్రులలో, బంగళాలలో గోడల వెంబడి, దూలాల పక్కన, సున్నపు పూతల కింద సాగిపోయే సన్నటి రాగి తీగ.

ఒక కార్యాలయంలో ఎన్ని టెలిఫోన్లు ఉండేవో దస్తావేజులు చెబుతాయి. నెలకు ఎంత అద్దె కట్టారో కూడా చెబుతాయి. కాని ఏ గదిలోని మాట ఏ గది మీదుగా బయటికి వెళ్ళేదో, ఆ దారిలో ఎవరు వినగలిగేవారో సాధారణంగా ఏ ఫైలులోనూ రాసి ఉండదు. అది తీగకు మాత్రమే తెలుసు. అందుకే తీగ దారిని పట్టుకోవడం చరిత్ర విద్యార్థికి కూడా పనికివచ్చే విద్య.

టెలిఫోన్ మన దేశానికి వచ్చిన తీరు

అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్‌కు 1876లో పేటెంటు లభించింది. నాలుగేళ్ళు తిరగకుండానే ఇంగ్లండులోని టెలిఫోన్ కంపెనీలు భారతదేశంలో ఎక్స్‌ఛేంజీలు పెట్టుకోవడానికి అనుమతి కోరాయి. టెలిగ్రాఫ్ ప్రభుత్వం చేతిలో ఉన్నట్లే టెలిఫోన్ కూడా ఉండాలన్న వాదనతో ప్రభుత్వం మొదట నిరాకరించింది. 1881లో మనసు మార్చుకుని ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీకి కలకత్తా, బొంబాయి, మద్రాసు తదితర నగరాలలో లైసెన్సు ఇచ్చింది. 1882 జనవరి 28న కలకత్తా ఎక్స్‌ఛేంజి లాంఛనంగా ప్రారంభమైంది. కౌన్సిల్ హౌస్ వీధిలోని ఒక భవనం మూడో అంతస్తులో దానిని నెలకొల్పారు. తొలి చందాదారుల సంఖ్య వంద కూడా లేదు.

ఆనాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగమని, తెలంగాణ నిజాం పాలనలో ఉండేదని మీకు తెలుసు. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలలోని ప్రైవేటు టెలిఫోన్ వ్యవస్థలను ప్రభుత్వం 1943లో స్వాధీనం చేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద టెలిఫోన్లు లక్షకు మించలేదు. ఆ తరవాత దశాబ్దాల పాటు కొత్త కనెక్షన్ కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూడటం మామూలు సంగతి. మీ ఇంట్లో పెద్దవారిని అడిగితే ఆ రోజుల గురించి చెబుతారు.

ఈ కొరత మన విషయానికి ముఖ్యం. వస్తువు అరుదైనదైతే దానిని ఎక్కడ పెట్టాలన్నది హోదా ప్రశ్న అవుతుంది. ఒక కార్యాలయానికి ఒక్కటే లైను మంజూరైతే అది ఎవరి బల్ల మీద ఉండాలి? రెండో పరికరం ఎవరికి? బంట్రోతు కూర్చునే వరండా గోడకు ఒక గంట మాత్రమే బిగించారా, లేక మాట్లాడే పరికరమే ఇచ్చారా? ఈ ప్రశ్నలకు జవాబులు తీగ చివర్లలో దొరుకుతాయి.

దాచినది ఎవరు?

పాత భవనంలో టెలిఫోన్ తీగ దాగి ఉందంటే దానిని కావాలని గోడలో దాచారని అనుకోకూడదు. మన ప్రాంతంలో చాలా పాత భవనాలు టెలిఫోన్ రాకముందే కట్టినవి. సున్నపు గచ్చుతో కట్టిన రెండడుగుల మందం గోడను తొలిచి తీగ వేసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుచేత తీగను గోడ మీదనే వేశారు. టేకు బద్దను మేకులతో బిగించి, దాని మీద తగరపు లింకు క్లిప్పులతో తీగను పట్టి ఉంచారు. మద్రాసు టెర్రస్ కప్పు ఉన్నచోట దూలాల పక్క నుంచి పంపారు. గది నుంచి గదికి తలుపు చట్రం మూలలో చిన్న రంధ్రం చేశారు.

తరవాత కాలంలో దాని మీద ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఏటా పండుగకు వేసే వెల్ల, గోడలకు ఆయిల్ పెయింటు, బీరువాల వరుస, చెక్క పార్టిషన్లు, ఎ.సి. కోసం వేసిన ఫాల్స్ సీలింగ్. పురావస్తు తవ్వకాలలో మట్టి పొరలను బట్టి కాలక్రమం నిర్ణయిస్తారని మీరు చదివారు కదా, ఇక్కడా అదే సూత్రం. బద్ద వెనుక గోడకు నాలుగు వెల్ల పొరలు ఉండి, బద్ద మీద పది పొరలు ఉంటే, భవనానికి నాలుగుసార్లు వెల్ల వేసిన తరవాత ఆ తీగ వచ్చిందని అర్థం. పొరల లెక్కతో సంవత్సరం తేలదు, ఏది ముందు ఏది వెనుక అన్నది మాత్రం తేలుతుంది. ఏటా వెల్ల వేశారని అనుకుని పొరలను సంవత్సరాలుగా మార్చేవారు కొందరు ఉన్నారు. నిధులు లేక పదేళ్ళు వెల్ల మొహం చూడని ప్రభుత్వ కార్యాలయాలు ఎన్ని లేవు!

తీగ ఏ కాలానిది?

తొలినాళ్ళలో టెలిఫోన్‌కు ఒక్క తీగ సరిపోయేది. విద్యుత్ ప్రవాహం తిరిగి రావడానికి నేలనే రెండో తీగగా వాడుకునేవారు. టెలిగ్రాఫ్ నుంచి వచ్చిన అలవాటు ఇది. టెలిగ్రాఫ్‌లో టకటక వినిపిస్తే చాలు, మనిషి గొంతుకు అది చాలదు. నగరాలలో విద్యుత్ దీపాలు, ట్రాములు వచ్చాక నేలలో తిరిగే కరెంటు వల్ల టెలిఫోన్‌లో గరగర శబ్దం భరించలేనంతగా పెరిగింది. దానితో ప్రతి లైనుకు రెండు తీగలు వేయడం, వాటిని ఒకదానితో ఒకటి పెనవేయడం మొదలైంది. పెనవేసిన జంటలో బయటి నుంచి వచ్చే గోల రెండు తీగల మీద ఒకేలా పడి చాలావరకు రద్దవుతుంది. కాబట్టి పింగాణీ గుబ్బల మీద ఒంటరిగా సాగే తీగ కనిపిస్తే అది టెలిఫోన్‌దా, పిలుపు గంటదా, టెలిగ్రాఫ్‌దా అని ఆలోచించాలి. జంటగా పెనవేసి ఉంటే టెలిఫోన్ కావడానికే అవకాశం ఎక్కువ.

తీగ మీది తొడుగు ఇంకా స్పష్టమైన సూచన ఇస్తుంది. రబ్బరు మీద నూలు అల్లిక ఉన్నది, సీసపు గొట్టం లోపల పొడి కాగితం చుట్టిన తీగల కట్ట ఉన్నది పాత తరానివి. ప్లాస్టిక్ తొడుగు రెండో ప్రపంచ యుద్ధం తరవాతి కాలానిది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా రంగులతో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులను జతచేసి 25 జంటలను గుర్తించే కేబుల్ ప్లాస్టిక్ యుగపు సంతానం. గోడకు బిగించిన పెట్టెలో పొడి బ్యాటరీలకు అర ఉంటే, పరికరానికి చేతితో తిప్పే పిడి ఉండేదని, ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు మనిషి కూర్చునేవారని గ్రహించాలి. కరెంటు మొత్తం ఎక్స్‌ఛేంజి నుంచే వచ్చే పద్ధతి అమలయ్యాక ఆ అర అవసరం లేకపోయింది.

రోసెట్టు మూత తీసి చూడండి. తీగలు కలిపే ఆ చిన్న గుండ్రటి పెట్టెను మన లైన్‌మన్లు రోసెట్టు అంటారు. లోపలి వైపు పెన్సిలుతో రాసిన నంబరు ఉంటే అది విలువైన సాక్ష్యం. మూడంకెల నంబరైతే ఊళ్ళో చిన్న ఎక్స్‌ఛేంజి ఉన్న కాలం. బి.ఎస్.ఎన్.ఎల్. నంబర్ల ముందు 2 అనే అంకె చేరింది 2000 తరవాతి తొలి సంవత్సరాలలో. ఈ లెక్కన ఒక నంబరులోని అంకెల సంఖ్యే తేదీని కొంతవరకు పట్టిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. పాత బద్ద మీద కొత్త తీగ, పాత రంధ్రం గుండా కొత్త కేబుల్ వేయడం లైన్‌మన్లకు నిత్యకృత్యం. తీగ కొత్తది కావచ్చు, దారి మాత్రం పాతది కావచ్చు. ఈ రెండింటినీ వేరువేరుగా నమోదు చేయాలి.

దారిని పట్టుకోవడం

ముందుగా భవన యజమాని లేదా సంబంధిత కార్యాలయం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. తరవాత వోల్టు మీటరుతో చూడండి. ఎక్స్‌ఛేంజితో సంబంధం ఉన్న లైను మీద పరికరం పెట్టి ఉన్నప్పుడు సుమారు 48 వోల్టుల డి.సి. కనిపిస్తుంది. గంట మోగే సమయంలో 75 వోల్టులు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ ఎ.సి. వస్తుంది. చేతికి గట్టిగానే తగులుతుంది. అలాంటి లైను జోలికి వెళ్ళకండి. అది ఇంకా ఎవరో మాట్లాడుకుంటున్న లైను. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కూడా, దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఇతరుల లైన్లలో తల దూర్చడాన్ని నేరంగానే చూస్తాయి. మీ అధ్యయనం చనిపోయిన తీగలకే పరిమితం.

మొదటి పని కళ్ళతోనే. తీగ భవనంలోకి ప్రవేశించే చోటు బయటి గోడ మీద ఉంటుంది. పింగాణీ గుబ్బ, ఇనుప బ్రాకెట్, పిడుగు నుంచి రక్షణకు పెట్టిన ఫ్యూజు పెట్టె, దాని నుంచి నేలలోకి దిగే ఎర్తు తీగ అక్కడ కనిపిస్తాయి. అక్కడి నుంచి లోపలికి, పరికరం ఉన్న చోటు నుంచి వెనక్కి, రెండు వైపుల నుంచీ వెతుక్కుంటూ రావాలి. తీగ పీకేసిన చోట కూడా మేకుల రంధ్రాల వరుస, బద్ద ఉన్నంత మేర గోడ మీద రంగు తేడాగా ఉన్న చార మిగులుతాయి. సాయంత్రం పూట టార్చిని గోడకు ఆనించి ఏటవాలుగా వెలుగు వేస్తే పగలు కనిపించని ఎత్తుపల్లాలు కనిపిస్తాయి.

కళ్ళకు అందని చోట టోనర్ అనే సాధనం పనికివస్తుంది. తీగ ఒక చివర ఒక చిన్న పెట్టెను తగిలిస్తే అది తీగలోకి కూతలాంటి సంకేతాన్ని పంపుతుంది. రెండో సాధనమైన ప్రోబును గోడ వెంబడి నడిపిస్తే, తీగ ఉన్నచోట ఆ కూత వినిపిస్తుంది. ఇది ఖరీదైనదేమీ కాదు, పాత ఇళ్ళలో ఇంటర్నెట్ లైన్లు వేసే కుర్రవాళ్ళ సంచిలో ఉంటుంది. దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. సీసపు తొడుగు సంకేతాన్ని బయటికి రానివ్వదు, అలాంటి కేబుల్‌లో చివర్ల దగ్గర మాత్రమే వినిపిస్తుంది. రెండోది, ఒకే కట్టలోని పక్క జంటలలోకి కూడా కూత పాకుతుంది. అనుమానం ఉన్న జంట అవతలి చివర రెండు తీగలనూ కలిపి పట్టుకోండి. కూత చప్పున ఆగిపోతే అదే మీ జంట, ఆగకపోతే పక్కది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం, ఎందుకంటే చరిత్రకు అసలు పనికివచ్చేది ఇదే. అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న రాగి తీగల జంటను అవతలి చివర కలిపి కొలిస్తే, కిలోమీటరుకు దాదాపు 175 ఓములు వస్తాయి. ఒక అధికారి గది నుంచి భవన ప్రవేశం దగ్గరి పెట్టె దాకా నేరుగా కొలిస్తే గోడ వెంబడి 20 మీటర్లు ఉందనుకుందాం. మీటరు మాత్రం 12 ఓములు చూపింది. అంటే తీగ పొడవు దాదాపు 70 మీటర్లు. మిగిలిన 50 మీటర్లు ఎక్కడికి పోయాయి? తీగ నేరుగా పోలేదు, ఎక్కడికో వెళ్ళి తిరిగి వచ్చింది. ఆ మధ్య మజిలీ గుమాస్తా గది కావచ్చు, స్విచ్‌బోర్డు కావచ్చు. పాత కీళ్ళలో తుప్పు పట్టినా ఓములు పెరుగుతాయి కనుక వెంటనే నిర్ణయానికి రాకూడదు. తీగ వ్యాసం సరిగా కొలవాలి, కీళ్ళు ఉన్న పెట్టెలు తెరిచి శుభ్రం చేసి మళ్ళీ కొలవాలి. అప్పటికీ లెక్క మారకపోతే ఆ 50 మీటర్ల కోసం వెతకడం మొదలుపెట్టండి.

మాట ఎవరి చెవిన పడేది?

ఆ మధ్య మజిలీ ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఒకే లైనుకు రెండు పరికరాలు సమాంతరంగా కలిపితే, ఒకటి ఎత్తి మాట్లాడుతుండగా రెండోది ఎత్తినవారికి అంతా వినిపిస్తుంది. అధికారి గదిలో ఒకటి, హెడ్ గుమాస్తా బల్ల మీద ఒకటి ఉంటే, ఏ తగాదా గురించి ఎవరు ఫోన్ చేశారో గుమాస్తాకు తెలియకుండా ఉండటం కష్టం. స్విచ్‌బోర్డు ఉన్న పెద్ద కార్యాలయాలలో, ఆసుపత్రులలో ప్రతి పిలుపూ ఆపరేటరు చేతి మీదుగా పోయేది. మన దేశంలో ఆ ఉద్యోగాలలో స్త్రీలు, ముఖ్యంగా ఆంగ్లో-ఇండియన్ స్త్రీలు చాలామంది పనిచేశారు. కార్యాలయ చరిత్రలో వారి పేర్లు దాదాపు కనిపించవు. స్విచ్‌బోర్డు గది ఏ అంతస్తులో ఉంది, దానికి కిటికీ ఉందా, అధికారుల గదులకు ఎంత దూరం అనే వివరాలు వారి పని పరిస్థితుల గురించి మనకు మిగిలిన కొద్దిపాటి ఆధారాలలో ఒకటి.

గదిని మాత్రమే చూసి తీగను చూడకపోతే ఎంత పొరబడతామో చెప్పడానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. లండన్‌లోని వైట్‌హాల్ ప్రాంతంలో ఒక ప్రభుత్వ భవనం నేలమాళిగలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ యుద్ధ మంత్రివర్గం పనిచేసింది. 1939 ఆగస్టులో ఆ గదులు వాడుకలోకి వచ్చాయి, 1945 ఆగస్టులో మూతపడ్డాయి. 1984 నుంచి అవి ప్రజలు చూడదగిన మ్యూజియం. అందులో సామాను గదిగా ఉన్న ఒక చిన్న అరను మార్చి, ప్రధాని చర్చిల్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో మాట్లాడటానికి టెలిఫోన్ పెట్టారు. దాని తలుపుకు మరుగుదొడ్డి తలుపుకు ఉండే గడియ బిగించి ఉండటంతో, అది ప్రధాని సొంత మరుగుదొడ్డి అని అక్కడి సిబ్బందిలో చాలామంది అనుకునేవారు.

చూసేవారికి అక్కడ ఒక బల్ల, ఒక టెలిఫోన్ మాత్రమే కనిపిస్తాయి. ఆ మాటలను శత్రువు అర్థం చేసుకోకుండా రహస్య సంకేతాలుగా మార్చే యంత్రం ఆ గదిలో లేదు, ఆ భవనంలోనే లేదు. సిగ్‌సాలీ అనే ఆ యంత్రం బరువు దాదాపు 50 టన్నులు. అంత సామగ్రికి చోటు దొరికింది ఆక్స్‌ఫర్డ్ వీధిలో సెల్ఫ్రిడ్జెస్ అనే పెద్ద దుకాణానికి చెందిన భవనం నేలమాళిగలో. 1943లో అది పనిలోకి వచ్చింది. ప్రధాని మాట తీగ మీదుగా నగరంలో కొన్ని కిలోమీటర్లు ప్రయాణించి, ఆ నేలమాళిగలో రూపం మార్చుకుని, అప్పుడు రేడియో ద్వారా సముద్రం దాటేది. అంటే ఆ చిన్న గది రహస్యానికి చివరి కొస మాత్రమే. తీగ రెండో కొస దుస్తులు, అత్తర్లు అమ్మే దుకాణం అడుగున ఉంది.

మన దేశానికి తిరిగి వద్దాం. టెలిఫోన్ సంభాషణను చాటుగా వినడం గురించి పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇస్తూ, టెలిఫోన్‌లో మాట్లాడుకోవడం వ్యక్తి గోప్యతలో భాగమని, చట్టం నిర్దేశించిన పద్ధతి ప్రకారం తప్ప దానిని వినకూడదని చెప్పింది. ఆ తీర్పుకు ముందు నూరేళ్ళ పాటు కార్యాలయాలలో, ఇళ్ళలో ఎవరి మాట ఎవరు వినగలిగేవారన్నది చాలావరకు తీగల అమరికే నిర్ణయించింది. ఉమ్మడి కుటుంబంలో హాలులో ఒకే ఫోను, పెద్దాయన గదిలో దానికి సమాంతరంగా మరొకటి ఉంటే, ఆ ఇంటి కోడలు పుట్టింటితో ఏమి మాట్లాడగలిగేదో మీరే ఊహించండి.

ఇక్కడ చరిత్రకారుడు ఒక గీత గీసుకోవాలి. వినే వీలు ఉండేదని తీగ చెబుతుంది. విన్నారని చెప్పదు. హెడ్ గుమాస్తా బల్ల దగ్గర రోసెట్టు కనిపించిందని ఆయన మీద గూఢచారి ముద్ర వేయడం తగదు. అధికారి లేనప్పుడు పిలుపులు అందుకోవడానికే అది పెట్టి ఉండవచ్చు.

కాగితంతో, మనుషులతో సరిచూడటం

తీగ గీసిన పటాన్ని ఇతర ఆధారాలతో కలిపి చూడాలి. పాత టెలిఫోన్ డైరెక్టరీలలో ఒకే కార్యాలయం కింద ఎవరెవరికి నంబర్లు ఉన్నాయో చూడండి. ఇంటి నంబరు విడిగా ఇచ్చిన అధికారులు ఎవరు? భవన మరమ్మతుల రిజిస్టర్లలో, అద్దె బిల్లులలో ఎక్స్‌టెన్షన్ల సంఖ్య ఉంటుంది. బిల్లులో మూడు ఎక్స్‌టెన్షన్లు ఉండి, గోడ మీద అయిదు చివర్లు దొరికితే, అదనపు రెండింటి సంగతి ఆలోచించదగినది. అవి వేరే కాలానివి కావచ్చు, అద్దె కట్టకుండా కలుపుకున్నవీ కావచ్చు.

అన్నిటికంటె ముఖ్యంగా పదవీ విరమణ చేసిన లైన్‌మన్లను, ఆపరేటర్లను కలవండి. వారు వయసులో మీ తాతగారి, అమ్మమ్మగారి ఈడువారు. భవనం పేరు చెప్పగానే ఏ మెట్ల కింద పెట్టె ఉండేదో, వానాకాలంలో ఏ కీలు తడిసి మొరాయించేదో చెప్పగలరు. వారు చెప్పినది రాసుకుని గోడ దగ్గర సరిచూసుకోండి. జ్ఞాపకం, తీగ ఒకదానికొకటి సరిపోని చోటనే అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఈ పనికి వ్యవధి తక్కువ. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ తీగలు ఎవరికీ అక్కరలేకుండా పోయాయి. పాత కలెక్టరేట్లు, కోర్టులు, ఆసుపత్రులు బాగుచేయించేటప్పుడు గోడలను అందంగా తీర్చిదిద్దుతారు, కిటికీల రంగు అద్దాలను జాగ్రత్తగా కాపాడతారు. తీగలను మాత్రం మొదటి రోజే పీకి, తొడుగు కాల్చి, రాగిని తూకానికి అమ్మేస్తారు. వెల్ల గీకడానికి పరంజా కట్టేలోపు మీరు వెళ్ళగలిగితే, ప్రతి గదిలోనూ స్కేలు పెట్టి నాలుగు గోడలనూ ఫొటో తీయండి. నేల నుంచి ప్రతి చివరి ఎత్తును రాసుకోండి. నిలబడి మాట్లాడే ఎత్తులో ఉన్న పరికరం ఒకరిది, బల్ల ఎత్తులో ఉన్నది మరొకరిది. రోసెట్టు మూతల లోపలి రాతలను చెరిగిపోకముందే విడిగా ఫొటో తీసి, ఏ గది, ఏ గోడ అన్నది దాని కిందనే రాయండి.